ఆకలి వేరు, ఉపవాసం వేరు



శ్రమల దినాలు వచ్చాయి. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకునే చోట ఇద్దరు ముగ్గురు నన్ను నిలబెట్టి అడిగారు. "అయ్యగారూ, పక్క ఊరి సంఘంలో 40 రోజుల ఉపవాస ప్రార్థనలు పెట్టారు. రోడ్డు మీద ఫ్లెక్సీ కూడా కట్టారు. మన దగ్గర మాత్రం మీరు పెట్టడమే మానేశారు, ఎందుకని?" నేను నవ్వి ఊరుకున్నాను. రాత్రి పడుకున్నాక, అలా నవ్వి ఊరుకోవడం కాపరికి తగిన పని కాదనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది. ఓపిక చేసుకుని చదవండి.

కొన్నేళ్ల క్రితం నేనే మన సంఘంలో 21 రోజుల ఉపవాస ప్రార్థనలు ప్రకటించాను. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో మన సంఘంలో ఒక అక్క భర్తకు కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్తున్నారు. ఆ అక్కకు షుగర్ ఉంది, మాత్రలు వేసుకుంటుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి కూడా, "ఆయన కోసం నేనూ ఉంటాను అయ్యగారూ" అని ఆమె అడిగితే, "విశ్వాసంతో ఉండమ్మా, దేవుడే చూసుకుంటాడు" అన్నాను. తొమ్మిదో రోజు ఆమె మాత్ర వేసుకుంది, ఏమీ తినలేదు. మధ్యాహ్నం కూడికలో మోకాళ్ల మీద ఉన్న మనిషి ఉన్నట్టుండి పక్కకు ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమటలు, మాట తడబడుతోంది. ఆటోలో టౌనుకు తీసుకెళ్లాం. గ్లూకోజ్ ఎక్కించాక కళ్లు తెరిచింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ, నా తమ్ముడి కూతురి వయసుంటుంది, నన్ను పక్కకు పిలిచి, "షుగర్ మాత్ర వేసుకుని తినకుండా ఉంటే ఏమవుతుందో ఆమెకు తెలియకపోవచ్చు. చెప్పాల్సినవాళ్లు మీరు కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆమె ఉపవాసం అక్కడితో ఆగిపోయింది. రెండు నెలలకు ఆమె భర్త ప్రభువునందు నిద్రించాడు. ఆదరణ కూడికకు వాళ్లింటికి వెళ్తే, అందరూ లేచి వెళ్లాక ఆమె వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మెల్లగా అడిగింది. "అయ్యగారూ, నేను మధ్యలో వదిలేసినందుకేనా ఆయన పోయింది?"

కాదమ్మా అన్నాను. కానీ నా కాదులో బలం లేదు. ఎందుకంటే అదే బల్ల దగ్గర నిలబడి, 21 రోజులు మధ్యలో ఆపకుండా పూర్తి చేసినవాళ్లకే జవాబు అని ప్రకటించింది నేనే. ఆమె నా ప్రసంగాన్నే నాకు తిరిగి అప్పజెప్పింది, అంతే.

(ఇదంతా ఆమె అనుమతితోనే రాస్తున్నాను. పేరు రాయను. మన ఊరివాళ్లకు తెలిసినా కామెంట్లలో దయచేసి రాయకండి.)

ఆ రాత్రి ముందుగా 2 సమూయేలు 12వ అధ్యాయం తెరిచాను. దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు నేల మీద పడి ఉపవాసం ఉన్నాడు. బిడ్డ చనిపోయాడు. అప్పుడు దావీదు లేచి, స్నానం చేసి, బట్టలు మార్చుకుని, దేవుని మందిరానికి వెళ్లి మొక్కి, ఆ తర్వాత ఇంటికొచ్చి అన్నం తిన్నాడు. ఉపవాసం పూర్తిగా ఉన్నా బిడ్డ దక్కలేదు, అయినా దావీదు దేవుని దగ్గరకే వెళ్లాడు. మంచి జవాబే. కానీ ఆ కథలో ముందు దావీదు చేసిన పాపం ఉంది. ఆ అక్కకు ఈ కథ చెబితే, "అయితే నా పాపం ఏమిటి అయ్యగారూ" అని ఇంకో ముల్లు గుచ్చుకుంటుందని భయపడ్డాను. కాబట్టి అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్న సెమినరీ నోట్సు దింపాను. మన ముందువాళ్లు శ్రమలో ఉన్నప్పుడు ఉపవాసాన్ని ఎలా వాడుకున్నారో చూద్దామని. సెమినరీలో సంఘ చరిత్ర పరీక్ష కోసం చదివాను కానీ, నా కోసం చదవడం అదే మొదటిసారి.

ముందు మీకు ఒక బిషప్పు గారి సంగతి చెప్పాలి. స్పెయిన్ దేశంలో సముద్రం ఒడ్డున తర్రగోనా అనే పట్టణం ఉంది. రోమా ప్రభుత్వ కాలంలో అది పెద్ద ఊరు. వలేరియను చక్రవర్తి సంఘ నాయకులను పట్టుకుని శిక్షించమని ఆజ్ఞలిచిన రోజులు. 259వ సంవత్సరం జనవరిలో ఒక ఆదివారం నాడు సైనికులు వచ్చి అక్కడి బిషప్పు ఫ్రక్తువోసును, ఔగూరియు, యులోగియు అనే ఇద్దరు పరిచారకులను పట్టుకెళ్లారు. చెరసాలలో వేశారు. బుధవారం వచ్చింది. బయట సంఘం బుధవారం ఉపవాసం ఉంటుంది కాబట్టి, లోపల వీళ్లూ ఉపవాసం ఉన్నారు. శుక్రవారం, జనవరి 21న, గవర్నరు విచారణ చేశాడు. దేవతలకు, చక్రవర్తి విగ్రహానికి మొక్కనన్నారు. సజీవదహనం అని తీర్పు. అదే రోజు ఊరి బయట ఆటల మైదానానికి నడిపించారు. ఆ మైదానం రాళ్లు ఇప్పటికీ సముద్రం ఒడ్డున ఉన్నాయి.

దారిలో, ఊరివాళ్లు ఆయన్ను ప్రేమించినవాళ్లు కాబట్టి, విశ్వాసులు కొందరు సుగంధాలు కలిపిన ద్రాక్షారసం గిన్నె తెచ్చి ఇచ్చారు. చావబోయే మనిషికి కాస్త నొప్పి తెలియకుండా ఉంటుందని. ఆయన తీసుకోలేదు. కారణం ఏం చెప్పాడో తెలుసా? ఉపవాసం విరమించే వేళ ఇంకా కాలేదన్నాడు. అప్పుడు సుమారు ఉదయం పది గంటలు. ఆ కాలపు సంఘాల్లో బుధ, శుక్రవారాల ఉపవాసం మధ్యాహ్నం మూడు గంటల దాకా. మూడు గంటలకు ఆయన ఉండడని ఆయనకు తెలుసు, గిన్నె ఇచ్చినవాళ్లకూ తెలుసు.

ఈ సంగతి చదివి నేను చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. మనకైతే అది మొండితనంలా అనిపించవచ్చు. నాకు వేరేగా తోచింది. ఆయన ఆ ఉపవాసం తన ప్రాణం కాపాడుకోవడానికి ఉండలేదు. మంట ఆగిపోవాలని ఉండలేదు. ప్రతి వారం సంఘంతో కలిసి చేసే పని, ఆ వారం చెరసాలలో కూడా చేశాడు, చితి దగ్గరకు వెళ్తున్న రోజు కూడా చేశాడు. శ్రమ వచ్చింది కాబట్టి మొదలుపెట్టిన ఉపవాసం కాదది. శ్రమ వచ్చినా ఆగని ఉపవాసం. దానికి జవాబు రాలేదని ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆయన దానితో దేన్నీ కొనలేదు.

ఆ రెండు రోజుల లెక్క తర్రగోనాలో పుట్టింది కాదు. అంతకు ముందే, అపొస్తలుల తర్వాతి తరాల్లో సంఘాల కోసం రాసిన దిదాకే అనే చిన్న పుస్తకంలో బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండమని ఉంది. ఆ ఉపవాసాన్ని లాటిను మాట్లాడే సంఘాల్లో సైనికులు కాపలా కాసే మాటతో పిలిచేవారు. ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియను అనే దైవజనుడు ఆ పోలికను వివరించాడు కూడా. కావలివాడు శత్రువును రప్పించడానికో, పంపించడానికో నిలబడడు. తన వంతు గంటలు మేల్కొని ఉంటాడు. మన పొలాల్లో పంట కోతకొచ్చినప్పుడు రాత్రి కాపలా పడుకునేవాళ్లకు ఈ మాట నాకంటే బాగా అర్థమవుతుంది.

ఇంకో సంగతి నన్ను ఇంకా కదిలించింది. రెండో శతాబ్దంలో ఏథెన్సులో అరిస్తీదు అనే తత్వవేత్త క్రైస్తవుడయ్యాడు. క్రైస్తవుల పక్షాన రోమా చక్రవర్తికి ఒక విన్నపం రాశాడు. అది వందల ఏళ్లు ఎవరికీ కనబడకుండా పోయి, 1889లో సీనాయి కొండ దగ్గరి మఠంలో సిరియా భాషలో దొరికింది. అందులో మనవాళ్ల జీవితం ఎలా ఉంటుందో చెబుతూ ఒక మాట రాశాడు. వాళ్లలో ఎవరైనా పేదవాడు ఆకలితో ఉండి, ఇవ్వడానికి మిగిలినవాళ్ల దగ్గర కూడా ఎక్కువ లేకపోతే, వాళ్లు రెండు మూడు రోజులు తాము తినడం మానేసి ఆ తిండి అతనికి పెడతారని దాని భావం. రోములో అదే కాలంలో రాసిన హెర్మా అనే పుస్తకంలోనూ ఇలాంటిదే ఉంది. ఉపవాసం ఉన్న రోజు నువ్వు తినబోయే తిండి ఖర్చు ఎంతో లెక్క కట్టి, దాన్ని విధవరాలికో, తల్లిదండ్రులు లేని పిల్లలకో ఇవ్వమని.

చూడండి, యెషయా 58వ అధ్యాయాన్ని వాళ్లు అక్షరాలా చేసి చూపించారు. వాళ్ల ఉపవాసం ఎదుటివాడి కంచంలోకి వెళ్లింది. నేను ప్రకటించిన 21 రోజుల్లో మిగిలిన బియ్యం ఎక్కడికి వెళ్లింది? ఎవరి డబ్బాలో వాళ్లకే ఉండిపోయింది. ఆ అక్క ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లే ఆటో ఖర్చుకు అప్పు చేస్తుంటే, మేమందరం పక్కనే కూర్చుని ఆకలితో ఆమె భర్త కోసం కన్నీళ్లతో ప్రార్థించాం. ఆటో డబ్బులు మాత్రం ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

ఇక మన సొంత చరిత్రకు వస్తాను. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఇది మన తాతల సంగతి.

ఒంగోలు వెళ్లిన బాప్టిస్టు ఎవరైనా ప్రార్థన కొండ ఎక్కకుండా రారు. 1854 జనవరి 1న, తెల్లవారక ముందే, అయిదుగురు ఆ కొండ ఎక్కారు. నెల్లూరులో పరిచర్య చేస్తున్న లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, మన తెలుగు విశ్వాసులు నరసు, జూలియా, రూతు. వాక్యం చదివారు, పాట పాడారు, ఒక్కొక్కరు ప్రార్థించారు. కింద కనబడే ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని అడిగారు. జూయెట్ గారు నాగజెముడు పొదలతో నిండిన ఒక మెరక చూపించి, మిషను బంగళా అక్కడైతే బాగుంటుంది కదా అని జూలియాతో అన్నారట.

ఆ అయిదుగురు అప్పుడు ఏ స్థితిలో ఉన్నారో కూడా గుర్తుంచుకోవాలి. శామ్యూల్ డే గారు తెలుగువాళ్ల మధ్య పని మొదలుపెట్టి అప్పటికి దాదాపు 18 ఏళ్లు. 1840 నుండి నెల్లూరులో. ఫలం వేళ్ల మీద లెక్కించవచ్చు. 1853లో అమెరికాలో ఆల్బనీ అనే ఊళ్లో జరిగిన సభల్లో, ఈ తెలుగు మిషను మూసేద్దామా అని చర్చ జరిగింది. పటంలో ఒంటరి నక్షత్రంలా ఉంది అన్నారు. ఆ మాట పట్టుకునే శామ్యూల్ స్మిత్ గారు ఒక రాత్రిలో కవిత రాశారు, మిషను నిలబడింది. 1862లో మళ్లీ అదే చర్చ. జూయెట్ గారు ఆరోగ్యం చెడి స్వదేశం వెళ్లారు. ఎవరూ పంపకపోయినా నేను ఒక్కణ్ణే వెళ్లి అక్కడే చచ్చిపోతాను అన్నారు. అలాగైతే పూడ్చిపెట్టడానికైనా తోడు ఒకరిని పంపాలి కదా అని పెద్దలు అన్నారట. అలా తోడు వచ్చినవారే జాన్ క్లౌ గారు. 1865లో నెల్లూరు వచ్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడింది. సభ్యులు ఎనిమిది మంది.

కొండ మీద ప్రార్థనకూ క్లౌ గారు ఒంగోలులో దిగడానికీ మధ్య పన్నెండు సంవత్సరాల ఎనిమిది నెలలు. 21 రోజులు కాదు. నేనైతే ఈ లెక్క ప్రసంగాల్లో ఎప్పుడూ చెప్పలేదు. "కొండ మీద ప్రార్థించారు, దేవుడు జవాబిచ్చాడు" అని ఒక్క వాక్యంలో దాటేసేవాణ్ణి. మధ్యలో ఉన్న సంవత్సరాల్లో జూలియా, రూతు ఏ ఉదయం ఏమనుకుని లేచారో మనం అడగం.

జవాబు వచ్చాక అంతా బాగుందా అంటే, అదీ లేదు. యెర్రగుంట్ల పేరయ్య గారు, తోళ్ల వ్యాపారం చేసుకునే మాదిగ బిడ్డ, విశ్వసించి పల్లె పల్లెకు వెళ్లి చెప్పడంతో జనం రావడం మొదలైంది. వచ్చిన వాళ్లకు బావి నీళ్లు ఆపారు, పనులు ఆపారు. ఆ తర్వాత 1876లో వానలు పూర్తిగా తప్పిపోయాయి. మన పెద్దవాళ్లు "దాతు కరువు" అని చెప్పుకునే ఆ కరువు 1878 దాకా మద్రాసు రాజధానినంతా పీల్చేసింది. ఇండియా మొత్తంలో అర కోటికి పైగా చనిపోయారని అంచనా.

ఆ కరువులో ముందు ఆకలికి గురైంది ఎవరు? రైతు దగ్గర ధాన్యం కూలి తీసుకుని బతికేవాళ్లు. చెప్పులు కుట్టి, మోకులు, తొండాలు చేసి ఇచ్చి, కళ్లంలో వాటా తీసుకునేవాళ్లు. కళ్లం లేనప్పుడు వాటా ఏది? అమ్ముకోవడానికి భూమి లేదు, పాత్రలు కూడా లేవు. ధాన్యం దేశంలో లేక కాదు, ధర అందక చచ్చిపోయారు. సర్కారు కరువు పనులు పెట్టింది కానీ, ఖర్చు ఎక్కువవుతుందని 1877 మొదట్లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించాడు. మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే అర కిలో కంటే తక్కువ, పైన ఒక అణా. రోజంతా మట్టి మోసేవాడికి అది చాలదని మద్రాసు ఆరోగ్య శాఖ అధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. తర్వాత కాస్త పెంచారు. అప్పటికి పోయినవాళ్లు పోయారు.

ఇలాంటి జనానికి ఉపవాసం గురించి ప్రసంగం చేస్తే అది పాపం. వాళ్లది ఉపవాసం కాదు, ఆకలి. పౌలు తన శ్రమల జాబితా చెప్పేటప్పుడు (2 కొరింథీ 11:27) ఆకలిని వేరుగా, ఉపవాసాన్ని వేరుగా చెప్పాడు. గ్రీకులో రెండూ వేర్వేరు మాటలు. ఒకటి మన మీదకు వచ్చి పడేది, రెండోది మనం ఎన్నుకునేది. సెమినరీలో గ్రీకు నాకు పెద్దగా ఎక్కలేదు కానీ ఈ ఒక్కటి మాత్రం ఇప్పుడు పట్టుకున్నాను. ఎదుటివాడి ఆకలికి ఉపవాసం అని పేరు పెట్టి "ఓర్చుకో, దేవుడు దీవిస్తాడు" అని చెప్పడం, మన బోధకుల నోట తరచుగా వినబడే తప్పు.

క్లౌ గారు అలా చెప్పలేదు. ఆయన సేవకుడు కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. సముద్రం పక్కనే తవ్వుతున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నారు. మిగతా చోట్ల మేస్త్రీలు మాల మాదిగ కూలీలను కొట్టి తరిమేస్తున్నారని మనవాళ్లు వచ్చి మొర పెట్టుకున్నందుకే తీసుకున్నారు. పల్లెల్లో సువార్త చెప్పే బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పగలు మట్టి తవ్వించడం, కాస్త విశ్రాంతి దొరికినప్పుడు నలుగురిని కూర్చోబెట్టి మాట్లాడడం. మత్తయి 11:28 ఎక్కువగా చెప్పేవారట. మోయలేని బరువు మోస్తున్నవాళ్లను యేసు పిలిచిన మాట. అప్పుడు ఆ మాట వింటున్నవాళ్ల నెత్తి మీద నిజంగానే మట్టి తట్ట ఉంది.

ఇక్కడే నేను చాలా గౌరవించే సంగతి ఒకటి ఉంది. ఆ కరువు రోజుల్లో జనం గుంపులుగా వచ్చి బాప్తిస్మం ఇవ్వమన్నారు. క్లౌ గారు ఇవ్వలేదు. తన చేతిలో డబ్బు, ధాన్యం పంచే పని ఉన్నంతకాలం ఇవ్వనన్నారు. సుమారు 15 నెలలు ఒక్క బాప్తిస్మం లేదు. అమెరికాలో నివేదిక కోసం ఎదురుచూసే పెద్దలు ఉన్నారు, కానుకలు పంపేవాళ్లు ఉన్నారు. సంఖ్య చూపిస్తే డబ్బు వస్తుంది. అయినా 15 నెలలు సున్నా. పరిచారకులకు సంఖ్య కంటే రుచికరమైన తిండి లేదని నేను నా అనుభవంతో చెబుతున్నాను. పండుగకు ఎంతమంది వచ్చారు, బాప్తిస్మాలు ఎన్ని, ఫోటోలో జనం నిండుగా కనబడుతున్నారా, ఇదే మా ఆకలి. క్లౌ గారు ఆ తిండి మానుకుని కూర్చున్నారు. చరిత్రలో దాన్ని ఎవరూ ఉపవాసం అని రాయలేదు. నేను మాత్రం అలాగే లెక్కేస్తాను.

కరువు పనులు ముగిశాయి. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు. అయినా జనం వచ్చారు. 1878 జూన్‌లో ఒంగోలులో మశూచి ఉండటం వల్ల, పదిమైళ్ల దూరంలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర రమ్మన్నారు. ఇప్పుడు ఇవ్వడానికి పని లేదు, డబ్బు లేదు అని చెప్పినా వెళ్లలేదు. ఒక్కొక్కరి గురించి వాళ్ల ఊరి బోధకులను అడిగి తెలుసుకున్నాకే పేర్లు రాశారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ 2,222 రోజున క్లౌ గారు నీళ్లలో దిగలేదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు మారుతూ ఉదయం నుండి సాయంకాలం దాకా ఇచ్చారు. ఏడాది చివరికి సంఖ్య 9,606కు చేరింది.

ఈ 2,222 సంగతి మనందరికీ చిన్నప్పటి నుండి తెలుసు. సండే స్కూల్లో చెప్పారు. కానీ దాని వెనక ఉన్న 15 నెలలు నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ మీకు చెప్పలేదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ నదిలో దిగినవాళ్లు, ఇంట్లో ఎవరూ పోకుండా అందరూ బతికి వచ్చినవాళ్లు కాదు. ఆకలికి బిడ్డలు పోయినవాళ్లు, కలరాకు భర్త పోయినవాళ్లు. దేవుడు కరువు ఆపాడని వాళ్లు రాలేదు. పోయినవాళ్లను పూడ్చిపెట్టి వచ్చారు.

ఆ అక్క అడిగిన ప్రశ్నకు నాకు బలం దొరికింది అక్కడే. ఆ వారంలోనే మళ్లీ వాళ్లింటికి వెళ్లాను. ముందు క్షమాపణ అడిగాను. "నువ్వు ఉపవాసం ఆపినందుకు ఆయన పోలేదమ్మా. ఆయన కిడ్నీలు పాడై పోయారు. పూర్తి చేస్తేనే జవాబు అని నేను చెప్పింది తప్పు. షుగరున్న నీకు ఉండమని చెప్పింది ఇంకా పెద్ద తప్పు" అన్నాను. తర్రగోనా బిషప్పు గారి సంగతి చెప్పాను, గుండ్లకమ్మ సంగతి చెప్పాను. ఆమె గుండ్లకమ్మ దగ్గర ఆపింది. "మా తాతమ్మ వాళ్లు వెల్లంపల్లి దగ్గర బాప్తిస్మం తీసుకున్నారని మా నాయనమ్మ చెప్పేది అయ్యగారూ. వాళ్ల బిడ్డలు ఇద్దరు కరువులో పోయారంట" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే తాతమ్మ కూడా ఇలాగే అడిగి ఉంటుంది" అంది.

కాబట్టి మీరు అడిగిన ప్రశ్నకు ఇది నా జవాబు. ఈ సంవత్సరం కూడా 40 రోజులు ప్రకటించడం లేదు. ఉండాలనుకునేవాళ్లు మత్తయి 6వ అధ్యాయం చెప్పినట్టు తలుపు వేసుకుని ఉండండి, నాకు కూడా చెప్పకండి. సంఘంగా మాత్రం శుక్రవారం మధ్యాహ్నం మూడింటి దాకా ఉందాం, పాతవాళ్ల లెక్క ప్రకారం. షుగర్, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణీలు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు తిని రండి. తిని ప్రార్థన చేస్తే దేవుడు వినడని బైబిల్లో ఎక్కడా లేదు. తినకుండా ఉన్నవాళ్లు ఆ పూట బియ్యం, లేదా దాని డబ్బులు తెచ్చి డబ్బాలో వేయండి. మన ఊళ్లో ఇప్పుడు నలుగురు డయాలసిస్‌కు వెళ్తున్నారు. అందులో ఇద్దరు మన సంఘం వాళ్లు కాదు. ఆటో ఖర్చు నలుగురికీ ఇస్తాం.

ఆ అక్క మూడేళ్లుగా శుక్రవారాలు వస్తూనే ఉంది. పొద్దున జావ తాగి, మాత్ర వేసుకుని, కొంగు ముడిలో గుప్పెడు బియ్యం కట్టుకుని వస్తుంది. పోయిన శుక్రవారం కూడిక అయ్యాక, బియ్యం డబ్బా మూత పెడుతూ నా మొహంలోకి చూసి, "మూడు దాటి అర గంటయింది, మీరింకా ఏమీ తినలేదా అయ్యగారూ" అని గద్దించి, ఇంటికి వెళ్లి మనవడి చేత గిన్నెలో జావ పంపించింది.